తలకు గాయమైనవారికి వైకల్య ధ్రువపత్రం: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

నమోదు వరకు పెద్ద కష్టం లేదు. యూడీఐడీ (వికలాంగుల ప్రత్యేక గుర్తింపు కార్డు) పోర్టల్‌లో సొంతంగా గానీ, మీసేవ కేంద్రంలో గానీ ఆధార్, ఫొటో ఇచ్చి దరఖాస్తు చేసుకోవాలి. చెప్పిన తేదీకి ఆసుపత్రికి వెళ్లాలి.

చిక్కంతా వైకల్యం రకం ఎంచుకునే గడి దగ్గర. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో మెదడు గాయం విడిగా లేదు. కాలో చెయ్యో పడిపోతే శారీరక వైకల్యం కింద చూస్తారు. మాట పోతే దానికి వేరే విభాగం ఉంది. జ్ఞాపకం, ఆలోచన దెబ్బతింటే ఉన్న దారుల్లో ఒకటి ‘మానసిక అనారోగ్యం’. హనుమకొండ, కాజీపేటల నుంచి వచ్చే కుటుంబాలు ఆ పేరు చూడగానే వెనకాడతాయి. ‘మా వాడికి పిచ్చి లేదండీ’ అంటూ శారీరక వైకల్యం గడి నింపుతారు. అక్కడ నడక బాగుందని తిప్పి పంపుతారు. నిజానికి ‘మానసిక అనారోగ్యం’ అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో ఆలోచన, జ్ఞాపకశక్తి లోపాలు స్పష్టంగా ఉన్నాయి. అది మీ బిడ్డకు ముద్ర కాదు, భయపడకండి.

రెండో చిక్కు పరీక్ష గదిలో. బైకు ప్రమాదం తరువాత డిగ్రీ ఆగిపోయిన ఒక అబ్బాయిని డాక్టరు పేరు, ఊరు అడిగితే తడుముకోకుండా చెప్పాడు. తల్లి బయటే నిలబడిపోయింది. ఆ అబ్బాయి చొక్కా జేబులో ఒక చీటీ ఉంటుంది: ‘స్నానం అయింది. మాత్ర వేసుకున్నాను.’ రాసుకోకపోతే రెండోసారి వేసుకుంటాడు. ఈ సంగతి లోపల ఎవరికీ తెలియలేదు.

అందుకే రోజూ వెంట ఉండే మనిషి తప్పక లోపలికి వెళ్లాలి. మానసిక అనారోగ్యం వల్ల కలిగే వైకల్యాన్ని కొలిచే ఐడియాస్ అనే కొలమానంలో సొంత పనులు, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని లేదా చదువు అనే నాలుగింటికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. ఇవి స్కానింగులో కనబడవు. డిశ్చార్జి సమ్మరీతో పాటు క్లినికల్ సైకాలజిస్టు చేసిన జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల నివేదికను తేదీకి ముందే సిద్ధం చేసుకోండి.

వైకల్య శాతం ఎక్కువ ఇప్పిస్తానని డబ్బు అడిగేవారు ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటారు. ఎంత శాతమో తేల్చేది డాక్టర్లే. ‘కొంచెం కుంటుతూ నడవమనండి’ అన్న సలహా అసలు వినకండి. మోసంతో ప్రయోజనం పొందితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ శిక్ష మీకే పడవచ్చు.

చాలా ప్రయోజనాలకు కావాల్సిన 40 శాతం వైకల్యం రాకపోయినా విద్యార్థులు ధ్రువపత్రం పారేయవద్దు. రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి 40 శాతంలోపు ఉన్నా, పరీక్షల్లో తమ బదులు రాసిపెట్టే లేఖకుణ్ణి, అదనపు సమయాన్ని అడిగే వీలు కేంద్ర ప్రభుత్వ 2022 ఆగస్టు మార్గదర్శకాలు కల్పించాయి. ధ్రువపత్రం నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. 2016 చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలుకు వెళ్లేటప్పుడు ముందుగా చూపాల్సింది ఆ కాగితమే.