పి0443 కోడ్ వస్తే వాల్వు కొనే ముందు కనెక్టరు చూడండి

చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలకు వేళచ్చేరి వంటి పల్లపు ప్రాంతాల్లో నిలిచిన నీటిలో కారు నడిపిన తర్వాత చెక్ ఇంజిన్ దీపం వెలిగి, స్కానరులో పి0443 అని కనిపిస్తే, వెంటనే పర్జ్ వాల్వు మార్పించకండి. పెట్రోలు ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే ఈ వాల్వులోని సోలినాయిడ్ (కరెంటుతో వాల్వును తెరిచే తీగచుట్ట) తాలూకు విద్యుత్ వలయంలో లోపం ఉందని మాత్రమే ఈ కోడ్ చెబుతుంది. వాల్వే పాడయిందని చెప్పదు.

ఇంజిన్ ఆపి, కనెక్టరు ఊడదీసి, సోలినాయిడ్ రెండు పిన్నుల మధ్య నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవండి. చాలా కార్లలో అది 20 నుంచి 30 ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది కానీ, కచ్చితమైన అంకెను మీ మోడల్ సర్వీసు మాన్యువల్‌లోనే చూసుకోవాలి. మీటరు ఓపెన్ అని చూపితే లోపలి చుట్ట తెగినట్టు, సున్నాకు దగ్గరగా చూపితే షార్ట్ అయినట్టు. అప్పుడు వాల్వు మార్చక తప్పదు.

నిరోధం సరిగ్గానే ఉంటే, ఇగ్నిషన్ ఆన్ చేసి, వైరింగ్ వైపు కనెక్టరులో ఒక పిన్నుకు దాదాపు 12 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. రాకపోతే ముందు ఫ్యూజు చూడాలి. రెండో వైరును ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటరు) ఆగి ఆగి గ్రౌండు చేస్తుంది కాబట్టి, దానికి బ్యాటరీ కరెంటును నేరుగా ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి.

మా కారుకు వాల్వు మార్చాల్సిందేనని ఒక వర్క్‌షాపులో చెప్పారు. తీరా చూస్తే కనెక్టరు రబ్బరు సీలు చిరిగి, ఒక పిన్ను మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేసి, సీలు మార్చి, కోడ్ చెరిపాక అది మళ్లీ రాలేదు.