ఇంట్లోనే ఇంగ్లీష్ వ్యాసం – ఆరో పాఠం: వాక్యాల మధ్య ముడి

పోయిన పాఠంలో ఒక పేరాకి ఒకే విషయం ఉండాలని చెప్పుకున్నాం. మంచినీళ్ల ఎద్దడి మీద ఒక పేరా రాసుకురమ్మన్నాను. కనిగిరి నుంచి ఒంగోలొచ్చి చదువుకుంటున్న ఒకమ్మాయి అందరికంటే ముందు తెచ్చింది. దస్తూరీ ముత్యాల్లా ఉంది, స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. మొత్తం ఎనిమిది వాక్యాలు. ఏడింటి నెత్తిన ఏదో ఒక లింకింగ్ వర్డ్, అంటే వాక్యాల్ని ముడేసే మాట, కూర్చుని ఉంది: ఫస్ట్‌లీ, మోరోవర్, ఫర్దర్‌మోర్, హౌఎవర్, మళ్లీ మోరోవర్, దేర్‌ఫోర్, చివర్న లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్.

"ఇక్కడ మోరోవర్ ఎందుకు పెట్టావమ్మా?" అని అడిగాను.

"బాగుంటది గదా సార్. లింకింగ్ వర్డ్స్‌కి మార్కులుంటాయన్నారు."

మార్కులున్న మాట నిజమే. విదేశాలకి వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీష్ పరీక్ష ఐఎల్టీఎస్‌లో వ్యాసాన్ని నాలుగు కొలతలతో కొలుస్తారు. ఆలోచనలు ఒకదానికొకటి ఎలా అతుక్కున్నాయన్నది అందులో ఒకటి, అంటే పావు వంతు మార్కులు. కానీ అదే కొలతలో ఆరో బ్యాండ్ (తొమ్మిదికి ఆరు స్కోరు) దగ్గర ఏం రాసుంటుందో చూడండి: వాక్యాల మధ్య అతుకు తప్పుగానో, యాంత్రికంగానో ఉండొచ్చు అని. మన అమ్మాయి పేరా అచ్చంగా అదే. లింకింగ్ వర్డ్స్ తక్కువై కాదు, అక్కర్లేని చోట ఎక్కువై.

అందుకే ఈ పాఠంలో లిస్టు ఇవ్వడం లేదు. వంద మాటల లిస్టులు ఏ గైడులోనైనా దొరుకుతాయి. వాటిని బట్టీ పట్టిన వాళ్లే ఇలా ఇరుక్కుంటారు.

దీనికి నేను చేయించే పని ఒకటుంది. లింకింగ్ వర్డ్ మీద బొటనవేలు పెట్టి మూసేయండి. ముందు వాక్యం, తర్వాతి వాక్యం చదవండి. ఆ రెండూ మీ నాయనమ్మకి తెలుగులో చెబుతుంటే మధ్యలో మీ నోటికి ఏమొస్తుంది? అందుకే? అయినా? పైగా? మరోపక్క? నోటికొచ్చిన ఆ మాటకి సరిపోయేదే ఇంగ్లీష్‌లో వెతుక్కోండి. ఏమీ రాకపోతే అక్కడ ఏమీ పెట్టకండి.

ఒక జంట చూద్దాం. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. బ్రెజిల్‌లో మన ఒంగోలు జాతి పశువుల్ని నెలోర్ అంటారు. మధ్యలో మోరోవర్ పెడితే సంబంధం లేని రెండు సంగతులు పక్కపక్కన పోసినట్టు ఉంటుంది. హౌఎవర్ పెడితే ఆ రెంటికీ ఏదో తగాదా ఉన్నట్టు వినిపిస్తుంది, చదివేవాడు తల గోక్కుంటాడు. మరి నోటికేమొచ్చింది? "అందుకే" అని కదా. ఆ పశువులు మొదట సముద్రం దాటింది 19వ శతాబ్దంలో, అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. దట్ ఈజ్ వై అనో, దేర్‌ఫోర్ అనో పెట్టండి. రెండు వాక్యాల్లో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మాత్రం మధ్యలో పెట్టిన మాటని బట్టి మారిపోయింది.

ఇప్పుడు మన వాళ్లందరూ చేసే తప్పు దగ్గరికొద్దాం. "ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ద ట్యాంక్ డిడ్ నాట్ ఫిల్." "బికాజ్ ఇట్ రెయిన్డ్, సో ద బస్ వాజ్ లేట్." ముప్ఫై నోట్సులు దిద్దితే పాతిక నోట్సుల్లో ఇది కనిపిస్తుంది. దీనికి పిల్లల్ని తిట్టి లాభం లేదు, ఇది మన తెలుగు అలవాటు. మనం రెండు వైపులా ముడేస్తాం. "ఎందుకు రాలేదురా?" అంటే "ఎందుకంటే జొరమొచ్చింది కాబట్టి" అంటాడు. ముందు ఎందుకంటే, వెనక కాబట్టి. "ఒకవేళ వాన పడితే" అన్నా అంతే, ఒకవేళ ఒక ముడి, పడితేలో తే ఇంకో ముడి. "అయినా గానీ" అని రెండూ ఒకే చోట కూడా వేసేస్తాం. తెలుగులో అది తప్పు కాదు, విన్నవాడికి హాయిగానే ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఒక్క ముడే. ఆల్దో పెట్టారా, బట్ తీసేయండి. బట్ కావాలంటే ఆల్దో తీసేయండి. బికాజ్, సో సంగతి కూడా ఇంతే.

చోటు విషయంలోనూ తేడా ఉంది. మనకి కాబట్టి అనేది కారణం చివర్న వస్తుంది: వాన పడింది కాబట్టి. బికాజ్ కారణానికి ముందొస్తుంది. తెలుగులో అనుకుని మాటకి మాట రాసుకుంటూ పోతే బికాజ్ వెళ్లి ఫలితం ముందు కూర్చుంటుంది. "ద బస్ వాజ్ లేట్ బికాజ్ ఇట్ రెయిన్డ్" అనాల్సింది "ఇట్ రెయిన్డ్ బికాజ్ ద బస్ వాజ్ లేట్" అయిపోతుంది. బస్సు లేటవడం వల్ల వాన పడిందన్న మాట!

హౌఎవర్ అర్థం బట్‌కి దగ్గరే గానీ నడత వేరు. బట్ ఒకే వాక్యం మధ్యలో ఉండి రెండు ముక్కల్నీ కలిపేస్తుంది. హౌఎవర్‌కి ఆ బలం లేదు. రెండు వాక్యాల మధ్య వస్తే దాని ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ ఉండాలి, వెనక కామా ఉండాలి. "ఇట్ రెయిన్డ్ హెవీలీ. హౌఎవర్, ద ట్యాంక్ డిడ్ నాట్ ఫిల్." ముందు కామా ఒక్కటే పెట్టి నడిపిస్తే ఎర్ర పెన్ను పడుతుంది. దేర్‌ఫోర్, మోరోవర్ కూడా ఇదే బాపతు.

ఆన్ ది అదర్ హ్యాండ్, ఆన్ ది కాంట్రరీ. రెండూ ఒకటేననుకుని వాడేస్తుంటారు. మొదటిది మన "మరోపక్క". పెన్నా కింద, సోమశిల నీళ్లొచ్చే చోట వరి పండుతుంది, మరోపక్క ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో తాగడానికే కటకట. రెండూ నిజాలే. రెండోది అలా కాదు. ముందు మాటని కొట్టిపారేసి, సంగతి తలకిందులుగా ఉందని చెప్పడం. కనిగిరి వాళ్లు నీళ్లు వృథా చేస్తారా? లేదు, ఆన్ ది కాంట్రరీ, బిందెలు లెక్కపెట్టుకుని వాడతారు.

అన్నిటికంటే మంచి ముడి అసలు ఏ లిస్టులోనూ ఉండదు. ముందు వాక్యంలో చెప్పిన దాన్ని తర్వాతి వాక్యంలో "ఈ" అని పట్టుకోవడమే: ఈ ఖర్చు, ఈ కొరత, ఈ అలవాటు. ఇంగ్లీష్‌లో దిస్ పెట్టి పక్కన ఒక నౌన్. ఒట్టి దిస్ వద్దు, దేన్ని అంటున్నారో తెలియదు. దీన్ని నేర్చుకున్నాక మోరోవర్ అవసరం సగం తగ్గిపోతుంది.

ఆ అమ్మాయి పేరాని ఇద్దరం కూర్చుని కొట్టేసుకుంటూ వచ్చాం. ఎనిమిదికి నాలుగు వాక్యాలు మిగిలాయి.

"ద గ్రౌండ్‌వాటర్ అరౌండ్ కనిగిరి కంటెయిన్స్ టూ మచ్ ఫ్లోరైడ్. మెనీ ఫ్యామిలీస్ దేర్‌ఫోర్ బై డ్రింకింగ్ వాటర్ ఇన్ క్యాన్స్. దిస్ ఎక్స్‌పెన్స్ ఈజ్ స్మాల్ ఫర్ ఎ శాలరీడ్ హౌస్‌హోల్డ్. ఫర్ ఎ డెయిలీ వేజ్ వర్కర్, హౌఎవర్, ఇట్ ఈజ్ ఎ బర్డెన్."

దేర్‌ఫోర్, హౌఎవర్ వాక్యం నెత్తిన కాకుండా లోపల ఒదిగి ఉన్నాయి, గమనించండి. హౌఎవర్‌కి అటూ ఇటూ కామాలున్నాయి. మూడో వాక్యంలో లింకింగ్ వర్డ్ లేదు, దిస్ ఎక్స్‌పెన్స్ ఆ పని చేసేసింది.

"ఇంత చిన్నదైపోయింది, మార్కులు పోవా సార్?" అంది. ఐఎల్టీఎస్ రైటింగ్‌లో రెండో టాస్క్‌కి, అంటే వ్యాసానికి, కనీసం 250 మాటలు కావాలి కాబట్టి ఆ టెన్షన్ న్యాయమైనదే. ఖాళీ అయిన చోట ఆ కూలీ ఇంట్లో క్యాను ఎన్నాళ్లొస్తుందో, అయిపోతే ఏం తాగుతారో రాయమన్నాను. వాళ్ల వీధిలో చూసిందే కాబట్టి పది నిమిషాల్లో రాసేసింది.

ఇక మీ పని. కింది జంటల్ని ఇంగ్లీష్‌లో రాసి, బొటనవేలు పరీక్ష చేసి ముడి వేయండి.

బడిపిల్లలు నోటుపుస్తకాలకి మారారు. మార్కాపురం పలకలకి గిరాకీ తగ్గింది.

పులికాట్ అనగానే అందరికీ ఫ్లెమింగోలు గుర్తొస్తాయి. దగ్గర్లోనే ఉన్న నేలపట్టు గూడబాతులకి పేరు.

చీమకుర్తి గ్రానైట్ నల్లగా ఉంటుంది. ఆ నలుపులో మెరిసే చుక్కలుంటాయి.

ఈ మూడింట్లో ఒకదానికి ఏ లింకింగ్ వర్డూ అక్కర్లేదు. అదేదో, ఎందుకో పక్కన తెలుగులో ఒక లైను రాసి పెట్టుకోండి. జవాబులు ఏడో పాఠం మొదట్లో చూద్దాం.