సైన్యం బలం గురించిన వార్తను ఎలా చదవాలి

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా వీధిలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు "అంకుల్, మన దగ్గర ఎన్ని ఫైటర్లున్నాయి?" అని అడుగుతుంటారు. ఎన్నున్నాయన్నది సగం లెక్కే. రేపు పొద్దున ఎగరగలిగేవి ఎన్నో తెలిస్తేనే లెక్క పూర్తవుతుంది.

ముందు స్క్వాడ్రన్లు చూడండి. ఒక ఫైటర్ స్క్వాడ్రన్ అంటే మామూలుగా 16 యుద్ధ విమానాలు, 2 ట్రైనర్లు (శిక్షణ విమానాలు). మన వాయుసేనకు మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో పాత మిగ్-21 ఫైటర్లకు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. అవన్నీ ఒకేసారి గాల్లోకి లేవవు. కొన్ని ఓవర్‌హాల్‌లో ఉంటాయి, కొన్ని విడిభాగం కోసం ఆగి ఉంటాయి. అలా ఆగిన దాన్ని మేం ఏఓజీ (ఎయిర్‌క్రాఫ్ట్ ఆన్ గ్రౌండ్) అంటాం. ఒక్క పంపు రాకపోయినా విమానం హ్యాంగర్‌లోనే ఉండిపోతుంది. పక్క విమానం నుంచి విప్పి బిగిస్తే ఇది లేస్తుంది, కానీ అది కూర్చుంటుంది. నౌకాదళం మిగ్-29కె విమానాల్లో పనికి సిద్ధంగా ఉన్నవి సుమారు 16 నుంచి 38 శాతం మధ్యే ఉన్నాయని 2016లో కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే సంస్థ) రాసింది. ఆ నివేదిక చదివిన రోజు నాకు చాలా బాధేసింది. విమానం కొన్నంత శ్రద్ధగా విడిభాగాలు కూడా కొనాలి. ఇలాంటి అంకెలు కాగ్ నివేదికల్లో, పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం నివేదికల్లో దొరుకుతాయి. ఓపిగ్గా వెతకండి.

"కొనుగోలుకు ఆమోదం" అని హెడ్డింగ్ కనబడితే ఏ దశలో ఉందో చూడండి. రక్షణ కొనుగోళ్ల మండలి ఆమోదం అంటే ఫలానాది అవసరమని ఒప్పుకోవడమే. టెండరు, ట్రయల్స్, బేరం, ఒప్పందం ఆ తర్వాతి సంగతులు. 126 ఫైటర్లకు 2007లో టెండరు పిలిచారు, 2012లో ఫ్రాన్స్ ఫైటర్ రఫేల్‌ను ఎంచుకున్నారు, 2015లో ఆ టెండరే రద్దయింది. 2016లో 36 విమానాలకు విడిగా ఒప్పందం కుదిరితే, మొదటి ఐదు అంబాలాలో దిగింది 2020 జులై 29న. అందుకే సంతకం తేదీ, డెలివరీ తేదీ రెండూ రాసి పెట్టుకోండి.

ఇక రేంజ్. ఎస్-400 వాయు రక్షణ క్షిపణి వ్యవస్థ అనగానే 400 కిలోమీటర్లు అంటారు. దాని పొడవైన రేంజ్ క్షిపణికి, అదీ ఎత్తులో ఎగిరే లక్ష్యానికి, ఆ మాట వర్తిస్తుంది. నేలను రాసుకుంటూ వచ్చే క్రూయిజ్ క్షిపణిని నేల మీది రాడార్ కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోనే చూడగలదు, భూమి గుండ్రంగా ఉంది కాబట్టి. పైనుంచి చూసే నేత్ర లాంటి రాడార్ విమానాలు కావాల్సింది అందుకే. వాటి గురించి వార్త వస్తే మాత్రం వదలకండి. ఫైటర్ ఫొటోలంత ఆకర్షణ వాటికి లేకపోవచ్చు, కానీ ఫైటర్‌కు దారి చూపేది అవే.

మందుగుండు నిల్వ గురించి మన వాళ్లు దాదాపు అడగరు. సైన్యం దగ్గర పరిశీలించిన 152 రకాల్లో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా సరిపోవని 2017లో కాగ్ చెప్పింది. తుపాకీ ఎంత గొప్పదైనా గుండు ఉండాలి కదా. తర్వాత వచ్చిన నివేదికలను దీని పక్కన పెట్టి, పరిస్థితి ఎంత మారిందో చూడండి.

బడ్జెట్ సంగతి త్వరగా చూసేయవచ్చు. 2025-26లో రక్షణకు 6.81 లక్షల కోట్లు ఇచ్చారు. అందులో పింఛన్లకే సుమారు 1.61 లక్షల కోట్లు, నాది కూడా అందులోదే. కొత్త ఆయుధాలు, పరికరాలు వచ్చేది 1.80 లక్షల కోట్ల మూలధన ఖర్చులోంచి. చూడాల్సింది ఈ అంకే.

సాధనకు మన దేశంలో తయారయ్యే ఫైటర్ తేజస్ మార్క్-1ఎ తీసుకోండి. 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఒప్పందం, 2025 సెప్టెంబర్‌లో మరో 97కి. రెండూ కలిపి 180 అని వార్తలు రాస్తాయి. మీరు అమెరికా నుంచి రావాల్సిన ఎఫ్-404 ఇంజిన్లు ఎన్ని వచ్చాయో వెతకండి. ఈ విమానాల డెలివరీ ఆలస్యానికి ఒక ముఖ్య కారణం అదే. ఆ తర్వాత స్క్వాడ్రన్‌కు అప్పగించినవి ఎన్నో చూసి, ఆ అంకెను పక్కన తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి.