వైర్‌లెస్ గేమ్‌ప్యాడ్‌ను కంప్యూటర్‌కు కలిపి హాయిగా ఆడుకోవడం ఎలా

కీబోర్డు మీద కీ నొక్కితే పూర్తిగా నొక్కినట్టు, వదిలితే పూర్తిగా వదిలినట్టు. కారును కాస్త కుడికి వంచడం, బ్యాట్స్‌మన్‌ను రెండడుగులు మెల్లగా ముందుకు నడిపించడం వంటి మధ్యస్థమైన కదలికలు దానికి చేతకావు. గేమ్‌ప్యాడ్ స్టిక్ మాత్రం బొటనవేలు ఎంత తోస్తే అంతే కదలికను ఆటకు అందిస్తుంది. అందుకే కార్ల పందేలు, ఫుట్‌బాల్, క్రికెట్, కుస్తీ, ఎగిరి దూకే ఆటలు ఇష్టపడేవారికి గేమ్‌ప్యాడ్ కొనడం మంచి ఖర్చు. తుపాకీతో గురిచూసే ఆటలకు, సైన్యాలను నడిపే వ్యూహాత్మక ఆటలకు మౌసే మేలు. మీరు అవి మాత్రమే ఆడేవారైతే ఆ డబ్బు మంచి మౌస్ మీద పెట్టడం సబబు.

వైర్‌లెస్ గేమ్‌ప్యాడ్‌తో వచ్చే ఇబ్బందుల్లో చాలా భాగం రెండు సంగతులు తెలియకపోవడం వల్లనే వస్తాయి. మొదటిది, ఆ ప్యాడ్ కంప్యూటర్‌తో ఏ దారిన కలుస్తుందన్నది. రెండవది, కలిసిన తరువాత తాను ఏ రకం పరికరమని కంప్యూటర్‌కు చెప్పుకుంటుందన్నది. ఇంట్లో అడిగి తెచ్చుకున్న డబ్బుతో కొనే విద్యార్థులే ఎక్కువ కాబట్టి, ఈ రెండింటినీ కొనకముందే తేల్చుకోవాలని గట్టిగా చెప్పదలచుకున్నాను.

కలిసే దారులు మూడు. ఒకటి బ్లూటూత్. ల్యాప్‌టాప్‌లలో ఇది దాదాపు ఎప్పుడూ ఉంటుంది, డెస్క్‌టాప్‌లలో చాలాసార్లు ఉండదు. రెండవది, ప్యాడ్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న యూఎస్‌బీ డాంగిల్. దీన్ని పోర్టులో గుచ్చితే చాలు, వేరే జతచేయడం సాధారణంగా అక్కరలేదు. అయితే అది పోతే దాని స్థానంలో మరొకటి దొరకడం కష్టం. మూడవది, ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లకు మైక్రోసాఫ్ట్ వాడే సొంత వైర్‌లెస్ పద్ధతి. దీనికి ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ అడాప్టర్ విడిగా కొనాలి. ఒకే అడాప్టర్‌కు 8 ప్యాడ్‌ల వరకు కలపవచ్చు కనుక అన్నదమ్ములు, స్నేహితులు కలిసి ఆడే ఇంట్లో అది అక్కరకు వస్తుంది.

హనుమకొండ చౌరస్తా దుకాణాల్లో “అన్నా, ఇది పీసీకి వస్తదా?” అని అడిగితే “అన్నిటికీ వస్తది తమ్మీ, తీస్కపో” అన్న జవాబే ఎదురవుతుంది. అది అబద్ధం కాకపోవచ్చు, కానీ దాని వల్ల మీకు తెలిసిందేమీ లేదు. “ఇది బ్లూటూత్‌దా, డాంగిల్‌దా? ఎక్స్‌ఇన్‌పుట్ మోడ్ ఉన్నదా? ఒక్కసారి ల్యాప్‌టాప్‌కు పెట్టి చూపియ్యి అన్నా” అని అడగండి. ఎక్స్‌ఇన్‌పుట్ అంటే ప్యాడ్ తనను తాను కంప్యూటర్‌కు పరిచయం చేసుకునే ఒక పద్ధతి, దాని సంగతి కింద చెబుతాను. చూపించడానికి ఒప్పుకున్న దుకాణంలోనే కొనండి.

పాత ప్యాడ్ కొనేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్‌లు 2013 నుంచి ఉన్నాయి, కానీ వాటిలో బ్లూటూత్ వచ్చింది 2016లో ఎక్స్‌బాక్స్ వన్ ఎస్‌తో వెలువడిన ప్యాడ్‌తోనే. ఈ రెండింటినీ కంటితోనే గుర్తుపట్టవచ్చు. మధ్యలో వెలిగే ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను చూడండి. అది పైన ఉన్న బంపర్ బటన్లతో కలిసిన మెరుపు ముక్క అయి, ముందు ముఖం నుంచి ఒక గీతతో విడిపోయినట్టు ఉంటే అందులో బ్లూటూత్ లేదు. ప్యాడ్ ముఖమే ఏ అతుకూ లేకుండా ఆ బటన్ చుట్టూ సాగి ఉంటే బ్లూటూత్ ఉన్నది. ఇక ఎక్స్‌బాక్స్ 360 వైర్‌లెస్ ప్యాడ్‌లో బ్లూటూత్ అసలే లేదు. దానికి ప్రత్యేకమైన రిసీవర్ కావాలి. దానితో ఇచ్చే చార్జింగ్ కేబుల్ కరెంటును మాత్రమే మోస్తుంది కాబట్టి ఆ వైరు గుచ్చినా కంప్యూటర్ ఆ ప్యాడ్‌ను గుర్తించదు. ఈ ఒక్క సంగతి తెలియక దాన్ని కొనేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

ఇప్పుడు రెండవ సంగతికి వద్దాం. విండోస్‌లో ప్యాడ్ తనను తాను పరిచయం చేసుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు: పాతదైన డైరెక్ట్‌ఇన్‌పుట్, ఎక్స్‌బాక్స్ 360 కాలంలో వచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్. నేటి ఆటల్లో అత్యధికం ఎక్స్‌ఇన్‌పుట్‌ను అనుసరించే తయారవుతాయి. అందువల్ల డైరెక్ట్‌ఇన్‌పుట్ మోడ్‌లో ఉన్న ప్యాడ్‌ను విండోస్ చక్కగా గుర్తించినా ఆట మాత్రం పట్టించుకోకపోవచ్చు, లేదా ఒక బటన్ నొక్కితే మరొకటి నొక్కినట్టు భావించవచ్చు. తక్కువ ధర ప్యాడ్‌లలో చాలావాటికి ఈ రెండు మోడ్‌లూ ఉంటాయి. కొన్నింటికి వెనుకవైపు ఎక్స్, డి అక్షరాలున్న చిన్న స్విచ్ ఉంటుంది. మరికొన్నింటిలో నడుమనున్న హోమ్ బటన్‌ను కొన్ని సెకన్లు అదిమి పట్టుకుంటే మోడ్ మారి, వెలిగే లైట్లు కూడా మారతాయి. మీ ప్యాడ్‌కు ఏ పద్ధతో డబ్బాలోని కాగితం మీద ఉంటుంది కనుక ఆ కాగితాన్ని పారేయకండి.

ప్లేస్టేషన్ ప్యాడ్‌లైన డ్యూయల్‌షాక్ 4, డ్యూయల్‌సెన్స్ సొంతంగా ఎక్స్‌ఇన్‌పుట్ మాట్లాడవు. వాటిని నేరుగా గుర్తించే ఆటలు కొన్ని ఉన్నాయి, మిగిలినవాటికి స్టీమ్ (ఆటలు కొనుక్కుని ఆడుకునే సాఫ్ట్‌వేర్) సాయం కావాలి. తెర మీద ఎక్స్‌బాక్స్ గుర్తులే కనిపిస్తే తికమకపడనక్కరలేదు. ఎ అంటే క్రాస్, బి అంటే వృత్తం, ఎక్స్ అంటే చతురస్రం, వై అంటే త్రిభుజం.

జతచేసే పని చిన్నదే. విండోస్ 10, 11లలో సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ విభాగంలో ‘యాడ్ డివైస్’ నొక్కి, బ్లూటూత్‌ను ఎంచుకోండి. తరువాత ప్యాడ్‌ను జతచేసే స్థితిలోకి తేవాలి, కేవలం ఆన్ చేస్తే సరిపోదు. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌కు పై అంచున యూఎస్‌బీ పోర్టు పక్కన ఒక చిన్న గుండ్రని బటన్ ఉంటుంది. మధ్య లైటు గబగబా మిణుకుమనే వరకు దాన్ని సుమారు 3 సెకన్లు అదిమి పట్టుకోవాలి. డ్యూయల్‌షాక్ 4కు పీఎస్, షేర్ బటన్లను, డ్యూయల్‌సెన్స్‌కు పీఎస్, క్రియేట్ బటన్లను లైటు మిణుకుమనే వరకు కలిపి పట్టుకోవాలి. నింటెండో స్విచ్ ప్రో ప్యాడ్‌కు పై అంచున సింక్ బటన్ ఉంటుంది. ప్యాడ్ పేరు జాబితాలో కనిపించగానే దాని మీద నొక్కితే పని ముగుస్తుంది.

విండోస్ 11లో పేరే కనిపించకపోతే, బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కింద ఉన్న ‘బ్లూటూత్ డివైసెస్ డిస్కవరీ’ని డిఫాల్ట్ నుంచి అడ్వాన్స్‌డ్‌కు మార్చి మళ్లీ ప్రయత్నించండి. డెస్క్‌టాప్‌కు వైఫై కార్డు ఉంటే, దాని వెనుక స్క్రూలా తిప్పి బిగించే యాంటెన్నాలు బిగించి ఉన్నాయో లేదో చూడండి. బ్లూటూత్ కూడా వాటి మీదనే ఆధారపడుతుంది. వాటిని డబ్బాలోనే వదిలేసి ప్యాడ్ చెడిపోయిందని అనుకునేవారు చాలామంది ఉన్నారు. అలాగే, ఒకసారి జతకట్టిన ప్యాడ్ ఇంకో ఫోనుతోనో కన్సోల్‌తోనో మళ్లీ జతకడితే పాత బంధం తెగవచ్చు. అప్పుడు కంప్యూటర్‌లోని పాత పేరును ‘రిమూవ్’ చేసి మొదటి నుంచి జతచేయడమే సులువైన మార్గం.

ఆట తెరవకముందే ప్యాడ్‌ను పరీక్షించుకోవాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన గడిలో జె, ఓ, వై అక్షరాలు, ఒక చుక్క, సి, పి, ఎల్ అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే గేమ్ కంట్రోలర్స్ అనే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ప్యాడ్ పేరును ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కండి. అక్కడ ఒక చదరపు గడిలో చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది. స్టిక్‌ను అంచు వెంబడి మెల్లగా గుండ్రంగా తిప్పితే ఆ గుర్తు కూడా ఎక్కడా ఎగరకుండా చుట్టూ తిరగాలి. వేలు తీసేయగానే నడిమధ్యకు చేరి కదలకుండా నిలవాలి. వేలు తీసినా అది ఒక పక్కకు జారి ఉంటే, లేదా వణుకుతూ ఉంటే, దాన్నే డ్రిఫ్ట్ అంటారు. పాత ప్యాడ్ కొనేటప్పుడు దుకాణంలోనే ఈ పరీక్ష చేయించుకోండి.

చాలా ప్యాడ్‌ల స్టిక్కుల లోపల, స్టిక్ ఎంత కదిలిందో కొలిచే పొటెన్షియోమీటర్లు ఉంటాయి. వాటిలో ఒక భాగం మరొకదాని మీద రాసుకుంటూ తిరుగుతుంది కనుక కాలక్రమేణా అరుగుతాయి, దుమ్ము చేరితే ఇంకా త్వరగా పాడవుతాయి. హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు అయస్కాంతం సాయంతో స్థానాన్ని కనిపెడతాయి, అందులో ఆ రాపిడి లేదు. కాబట్టి కొత్తది కొనేవారు అదే ధరలో హాల్ ఎఫెక్ట్ స్టిక్కులున్నది దొరికితే దానికే మొగ్గు చూపాలని నా అభిప్రాయం. కొద్దిపాటి డ్రిఫ్ట్‌కైతే ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (స్టిక్ కదిలినా ఆట పట్టించుకోని నడిమి భాగం) కొంచెం పెంచితే సరిపోతుంది. మరీ పెంచితే స్టిక్ మొద్దుబారినట్టు అనిపిస్తుంది.

స్టీమ్ వాడేవారికి చాలా పని అదే చేసిపెడుతుంది. స్టీమ్ సెట్టింగ్స్‌లోని కంట్రోలర్ విభాగంలో మీ ప్యాడ్ రకానికి స్టీమ్ ఇన్‌పుట్‌ను ఆన్ చేస్తే, ప్లేస్టేషన్ ప్యాడ్ కూడా ఆటకు ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లా కనిపిస్తుంది. వేరేచోట కొన్న ఆటను సైతం ‘యాడ్ ఏ నాన్ స్టీమ్ గేమ్’ ద్వారా స్టీమ్‌లో చేర్చి ఇదే వసతి పొందవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ప్లేస్టేషన్ ప్యాడ్‌ను ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లా చూపే డీఎస్4విండోస్ వంటి సాఫ్ట్‌వేర్, స్టీమ్ ఇన్‌పుట్ రెండూ ఒకేసారి నడిస్తే ఆటకు ఒకే ప్యాడ్ రెండుగా కనిపిస్తుంది. ఒక్కసారి నొక్కితే మెనూలో రెండడుగులు కదలడం దీని గుర్తు. రెండింటిలో ఒకదాన్ని ఆపేయండి.

ఆట ఆలస్యంగా స్పందించడం, నడుమ తెగిపోవడం గురించి కొంత వివరంగా చెప్పాలి. బ్లూటూత్, డాంగిళ్లలో చాలావి, పాత వైఫై, వైర్‌లెస్ మౌసులు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలనే పంచుకుంటాయి. వరంగల్ నిట్ హాస్టల్ గదిలోనో, హనుమకొండలోని సుబేదారి, నయీంనగర్‌లలో గోడకు గోడ ఆనుకున్న అద్దె గదుల్లోనో చుట్టూ పదుల కొద్దీ ఫోన్లు, రూటర్లు, ఇయర్‌బడ్‌లు ఉన్నచోట ఆ తరంగాల్లో రద్దీ ఎక్కువ. కంప్యూటర్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చితే, లేదా నెట్‌కు కేబుల్ వాడితే ప్యాడ్‌కు చోటు దొరుకుతుంది. బ్లూటూత్ ప్యాడ్, బ్లూటూత్ ఇయర్‌బడ్‌లు రెండూ ఒకే కంప్యూటర్‌కు కలపకుండా, ఆడేటప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్ వాడండి. ఆ ఇయర్‌ఫోన్‌ను కంప్యూటర్‌కే గుచ్చాలి. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ను బ్లూటూత్‌తో కలిపినప్పుడు దాని మీది ఇయర్‌ఫోన్ రంధ్రం పనిచేయదు.

చాలామంది ఊహించని కారణం యూఎస్‌బీ 3.0 పోర్టు. నీలిరంగు నాలుక ఉండే ఆ పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రంలో వివరించింది. అందువల్ల డాంగిల్‌ను వాటి పక్కన కాకుండా నల్లటి యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి. డెస్క్‌టాప్ ఇనుప డబ్బా వెనుక గుచ్చి, ఆ డబ్బాను బల్ల కింద ఉంచి, దూరంగా మంచం మీద కూర్చుని ఆడితే సిగ్నల్ రావడమే గగనం. ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, డాంగిల్‌ను బల్ల మీద మీ ఎదురుగా కనపడేలా పెట్టుకుంటే సమస్య చాలావరకు తీరుతుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే ఉపాయం ఈ విషయంలో మరొకటి లేదు.

అప్పటికీ తెగిపోతుంటే, డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ కింద ‘విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు’ అనే అర్థం వచ్చే గడిలోని టిక్‌ను తీసేయండి. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి ఆడేవారు ప్యాడ్‌ను నిందించేముందు టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసి చూడాలి. సెకనుకు 60 చిత్రాలు కదిలే ఆటలో ఒక్కో చిత్రం తెర మీద ఉండేది దాదాపు 17 మిల్లీసెకన్లే. చిత్రాన్ని నునుపు చేయడానికి టీవీ తీసుకునే వ్యవధి అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు.

ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లలో చాలావాటికి రెండు పెన్సిల్ సెల్స్ కావాలి. తరచూ ఆడేవారు రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు, ఒక చార్జర్ కొనుక్కుంటే రెండు ప్యాడ్‌లో, రెండు చార్జర్‌లో ఉంటాయి. వాటి వోల్టేజీ 1.2, మామూలు సెల్స్‌ది 1.5 కాబట్టి బ్యాటరీ గుర్తు కొంచెం తక్కువ చూపినా కంగారుపడనక్కరలేదు. నెలల తరబడి పరీక్షల చదువులో పడి ప్యాడ్‌ను పక్కన పెట్టేటప్పుడు సెల్స్ తీసి ఉంచండి. లోపలే వదిలేస్తే అవి కారి, స్ప్రింగులకు తుప్పు పట్టిస్తాయి. లోపలే లిథియం బ్యాటరీ ఉండే ప్యాడ్‌లకు వేడే పెద్ద శత్రువు. మన దగ్గర మే నెలలో రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన బండి డిక్కీలోనో ఉంచితే ఆ బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది.

ఎండాకాలం ఆటలో అరచేతుల చెమట స్టిక్కుల మొదళ్లలోకి దిగుతుంది, దానికి దుమ్ము అంటుకుని బంకలా మారుతుంది. ఆట ముగిశాక పొడి మెత్తటి గుడ్డతో పట్టులను తుడవండి. అప్పుడప్పుడు ప్యాడ్‌ను ఆపి, సెల్స్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన చెవిపుల్లతో బటన్ల అంచులను, స్టిక్కుల చుట్టూ ఉన్న వలయాలను శుభ్రం చేసి, పూర్తిగా ఆరిన తరువాతే మళ్లీ ఆన్ చేయండి. నీళ్లు గానీ, కొబ్బరినూనె గానీ స్టిక్కుల సందుల్లో ఎన్నడూ పోయకండి.