ఆర్‌స్పాన్ పెడుతుంటే మధ్య స్విచ్‌లని కూడా చూసుకోండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో నెట్‌వర్క్ పని చూసే మన తెలుగువాళ్ళకి ఇది పనికొస్తుంది. ట్రాఫిక్ చూడాల్సిన స్విచ్ ఆరో అంతస్తులో ఉంది, ట్రాఫిక్‌ని పట్టి చూపించే వైర్‌షార్క్ ఉన్న మెషీనేమో కింద సర్వర్ రూమ్‌లో. సిస్కో స్విచ్‌లైతే లాప్‌టాప్ పట్టుకుని పైకి వెళ్ళక్కర్లేదు, ఒక స్విచ్ పోర్టు ట్రాఫిక్‌ని కాపీ చేసి ఇంకో స్విచ్‌కి పంపే ఆర్‌స్పాన్ చాలు.

దానికోసమే విడిగా ఒక వీలాన్ (అవే స్విచ్‌ల మీద వేరుగా నడిచే వర్చువల్ నెట్‌వర్క్) తీసుకోండి, దాని నంబరు 900 అనుకుందాం. 1, అలాగే 1002 నుంచి 1005 వరకు పనికిరావు. ఆ వీలాన్ కింద 'రిమోట్-స్పాన్' కమాండ్ మొదటి, చివరి స్విచ్‌లలోనే కాదు, దారిలో ఉన్న ప్రతి స్విచ్‌లోనూ ఉండాలి. ట్రంకుల్లో, అంటే స్విచ్‌లని కలుపుతూ చాలా వీలాన్‌లని మోసే లింకుల్లో, 900ని అనుమతించాలి. క్యాప్చర్ ఖాళీగా వస్తుంటే ముందు ఇవే చూడండి.

ఇక మానిటర్ సెషన్, అంటే ఎక్కడి ట్రాఫిక్‌ని ఎక్కడికి కాపీ చేయాలో చెప్పే సెట్టింగు. పై అంతస్తు స్విచ్‌లో సోర్స్ మనం చూడాల్సిన పోర్టు, డెస్టినేషన్ రిమోట్ వీలాన్ 900. కింద సర్వర్ రూమ్ స్విచ్‌లో సోర్స్ రిమోట్ వీలాన్ 900, డెస్టినేషన్ మన మెషీన్ ఉన్న పోర్టు. ఆ పోర్టులో మామూలు ట్రాఫిక్ నడవదు కాబట్టి మెషీన్‌లోకి లాగిన్ అవడానికి రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టుకోండి.

అసలు టెన్షన్ ట్రంకు గురించే. 1 గిగాబిట్ పోర్టుని రెండు వైపులా కాపీ చేస్తే 2 గిగాబిట్ల దాకా రావచ్చు, అదంతా ఆఫీసు పని నడిచే లింకు మీదే పడుతుంది. ఒక వైపు చాలనుకుంటే ఆర్‌ఎక్స్ (పోర్టులోకి వచ్చే ట్రాఫిక్) మాత్రమే పెట్టండి, పనవగానే సెషన్ తీసేయండి. మధ్యలో రూటర్ అడ్డొస్తే మాత్రం కాపీని ఐపీ ప్యాకెట్లలో పెట్టి రూటర్ దాటించే ఈఆర్‌స్పాన్ కావాలి.