తటపటాయించే కొనుగోలుదారుకు చీర చూపించడం ఎలా?

చీరల దుకాణంలో అడుగుపెట్టాక, "ఏం చూపించమంటారమ్మా?" అని సేల్స్‌మన్ అడగగానే "ఊరికే చూద్దామని వచ్చామండీ" అనేవారు ఎందరో ఉంటారు. ఆ మాట వినగానే ముఖం తిప్పుకునే సేల్స్‌మన్, ఆమె ఎటు కదిలితే అటు వెంటపడే సేల్స్‌మన్ ఇద్దరూ బేరాన్ని పోగొట్టుకుంటారు. అన్ని చీరలు విప్పించి కొనకుండా లేచిపోతే ఏమనుకుంటారో అన్న మొహమాటమే చాలాసార్లు ఆమె చేత ఆ మాట అనిపిస్తుంది కనుక, ముందు దాన్ని పోగొట్టాలి.

"రండమ్మా, తీరిగ్గా చూడండి, ఏదైనా విప్పి చూపించమంటే చెప్పండి" అని ఆహ్వానించి, రెండు మూడు నిమిషాలు ఆమెను తన మానాన వదిలేయండి. ఆ కాసేపు చీరలు సర్దుకుంటూనే గమనిస్తూ ఉండండి. ఆమె చేయి ఏ రంగు దగ్గర రెండోసారి ఆగింది, ధర చీటీ చూసి ఏ చీరను వదిలేసింది అన్నవి మీరు అడగబోయే ప్రశ్నలకన్నా ఎక్కువ చెబుతాయి.

మాట కలిపేటప్పుడు "ఎంతలో కావాలి?" అని మొదలుపెట్టకండి. తక్కువ చెబితే చులకన అవుతామని, ఎక్కువ చెబితే ఖరీదైనవే చూపిస్తారని కొనేవారు వెనుకాడతారు. "మీరు కట్టుకోవడానికా, ఎవరికైనా పెట్టడానికా?" అని అడిగితే సగం పని తేలుతుంది. పెళ్లిలో బంధువులకు పెట్టే చీరలైతే ఒకే ధరలో వేర్వేరు రంగులు చాలినన్ని ఉండాలి. తన కోసమైతే ఆమె ఒక్క చీర దగ్గరే అరగంట కూర్చుంటుంది. సందర్భం తెలిశాక, మూడు ధరల్లో తలా ఒక చీర ముందుపెట్టి, అడగకముందే ధరలు చెప్పండి. తన స్తోమతకు తగినదాన్ని ఆమే దగ్గరకు తీసుకుంటుంది.

అసలు పనితనమంతా చూపించడంలోనే ఉంది. చీరలు గుట్టగా పోస్తే చూసేవారికి ఏదీ గుర్తుండదు. నాలుగైదింటిని ఎంచి, కొంగు, అంచు, జాకెట్టు గుడ్డ మూడూ కనిపించేలా పూర్తిగా విప్పి, బట్టను ఆమె చేతికి ఇవ్వండి. గద్వాల చీర అయితే నూలు ఒడలికి పట్టు అంచు కలిసేచోట వేలితో తడిమి చూడమనండి. పోచంపల్లి ఇకత్ అయితే తిరగేసి చూపించండి. నేయకముందే నూలును ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి, ఆ డిజైన్ రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అదే డిజైన్‌ను బట్టపై అచ్చు వేస్తే వెనుక వైపు సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది. ఈ తేడాను చేతిలో పెట్టి చూపించాక ధర ఎందుకంత ఉందో వేరే వివరించనక్కరలేదు. పట్టు విషయంలో అనుమానం ఉన్నవారికి అసలైన పట్టుకు గుర్తుగా 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీని చూపించండి. అది లేని చీరకు ఉన్నట్టు మాట్లాడడం, మరమగ్గం చీరను చేనేత అనడం ఎంత మాత్రం తగదు. "ఇది ప్రింటమ్మా, అందుకే ఈ ధర" అని మీ అంతట మీరే చెబితే, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి మాటకూ విలువ పెరుగుతుంది.

రంగు దగ్గర తటపటాయిస్తుంటే, దుకాణం లైట్ల కింద ఒప్పించబోకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులోకి తీసుకువెళ్లండి. భుజం మీద కొంగు వేసి అద్దం చూపించండి. వెంట అత్తగారో, అమ్మగారో వస్తే కుర్చీ, మంచినీళ్లు ఇచ్చి వారి అభిప్రాయమూ అడగండి గానీ, కట్టుకునే మనిషి మాట మరుగున పడనివ్వకండి.

"ఇంకో నాలుగు షాపులు చూసి వస్తాం" అంటే మనస్ఫూర్తిగా సరేననండి. నచ్చిన చీర నంబరు, ధర దుకాణం కార్డు వెనుక రాసిచ్చి, దాన్ని ఎప్పటివరకు పక్కన ఉంచగలరో ఉన్నదున్నట్టు చెప్పండి. తగ్గింపు ఎంత, ఫాల్, పికో దుకాణంలోనే కుడతారా, మార్చుకోవడానికి గడువు ఎంత అన్నవి బిల్లు వేయకముందే తెలియజేయాలి.

శ్రావణమాసంలోనూ, పెళ్లి ముహూర్తాల రోజుల్లోనూ విప్పిన చీరలు మడతపెట్టడానికి యజమాని వేరే మనిషిని ఉంచడం అవసరం. ఆ మడతల భారం కూడా తన మీదే ఉన్న సేల్స్‌మన్, మరో చీర విప్పమని అడిగినప్పుడు విసుగును ఎంత దాచుకున్నా, మొహమాటంతో వచ్చిన మనిషి దాన్ని ఇట్టే పసిగట్టి లేచిపోతుంది.