కేల్ ఆకుల్లో చిల్లులు: నా అనుభవం

హైదరాబాద్ మిద్దె తోటలో అక్టోబరులో నాటిన కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) ఆకులపై మొదట అద్దం లాంటి పలుచని మచ్చలు, తర్వాత చిల్లులు పడ్డాయి. ఆకు తిప్పితే సెంటీమీటరుకు మించని లేతాకుపచ్చ పురుగులు. ముట్టుకుంటే గిలగిలా కొట్టుకుంటూ దారం వదిలి కిందికి జారతాయి. ఇది క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగే.

ముందు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కొట్టాను, ఫలితం అంతంతే. కారణం, కేల్ ఆకు మీది మైనపు పూత. మందు ముత్యాల్లా జారిపోతుంది. లీటరుకు నాలుగైదు చుక్కల ద్రవ సబ్బు కలిపితేనే అంటింది.

అసలు పని చేసింది బీటీ పొడి (పురుగులను చంపే బ్యాక్టీరియాతో చేసిన మందు). లీటరుకు 1 గ్రాము కలిపి, ఆకు అడుగు తడిసేలా సాయంత్రమే కొట్టాలి, ఎండకు దాని శక్తి పోతుంది. తిన్న పురుగు వెంటనే మేత మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. గుడ్లకు పనిచేయదు కాబట్టి వారానికి మళ్లీ కొట్టాలి. పేనుబంకకు (ఆకు రసం పీల్చే చిన్న పురుగులకు) మాత్రం సబ్బు కలిపిన వేపనూనే సరి.

మరుసటి విడతలో నాటిన రోజే సన్నటి దోమతెర కప్పాను. అన్నిటికన్నా అదే మేలు. తెర ఆకులకు తగలకూడదు, తగిలితే వీటి తల్లి రెక్కల పురుగు బయటి నుంచే గుడ్లు పెడుతుంది.